బావిలోంచి పాడే పెద్దాయన

గోల మావయ్యకి ఇంకొకరికి నచ్చిన పాట పనికిరాదు. ఈ భూప్రపంచం మీద తనొక్కడే వినాలి, తనొక్కడికే నచ్చాలి. రెండో మనిషి పొరపాటున "బాగుందే" అన్నాడంటే ఆ రికార్డుకి ఆ ఇంట్లో నూకలు చెల్లినట్టే. పాట సగంలో ఉన్నా సరే సూది ఎత్తేసి, రికార్డు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, అట్టలో దూర్చి, ఆ అన్నవాడి చేతిలో పెట్టేస్తాడు. "తీసుకెళ్ళండి, ఇంక ఇది మీది" అంటాడు. వద్దు మొర్రో అన్నా వినడు. పైగా గుమ్మందాకా వచ్చి మరీ సాగనంపుతాడు.

కింది వాటాలో ఉండే పళ్ళ డాక్టరు ఒకసారి నీళ్ళ పంపు గురించి మాట్లాడదామని పైకి వచ్చాడు. మర్యాదకి ఓ మాటన్నాడు. అంతే, చంకలో రికార్డుతో మెట్లు దిగాడు. అట్ట మీద పుర్రె బొమ్మ, దాని నోట్లో ఒక్క పన్ను లేదు. వినడానికి ఇంట్లో ప్లేయరు లేక డాక్టరు దాన్ని తన ఆసుపత్రి గోడకి తగిలించాడు. అది చూసినప్పటినుంచి పేషెంట్లు చెప్పకుండానే రెండు పూటలా పళ్ళు తోముకుంటున్నారని ఆయన ఇప్పటికీ మురిసిపోతుంటాడు.

ఈ కిటుకు అత్తయ్య పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టేసింది. తనకి పడని రికార్డు మొదలవగానే వంటింట్లోంచి తాపీగా, "ఏవండీ, ఇదేదో భలే ఉందండీ" అనేది. మావయ్య మొహం వాడిపోయేది. అయినా మాట మాటే కాబట్టి ఆ రికార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాడు. ఆవిడ దాన్ని పిండి డబ్బా మీద మూతగా వాడుకునేది. ఇలా ఏరి కోరి తెచ్చుకున్నవన్నీ వంటింటి పాలవుతుంటే ఆయనకి అనుమానం వచ్చింది.

"అసలు నువ్వు నిజంగా వింటున్నావా?"

"వినకుండా ఎలా ఉంటానండీ, పొద్దస్తమానం మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టుంటేను."

ఆ రోజు నుంచి చట్టం మారింది. నోటి మెచ్చుకోలు చెల్లదు, కాలి బొటనవేలు ఆడాలి. "నోరు అబద్ధం చెబుతుంది, కాలికి ఆ తెలివి లేదు" అన్నాడు మావయ్య. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయన మాట్లాడేది మొహంతో, చూసేది కాళ్ళని. తెలిసినవాళ్ళు కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేవారు.

మనిషిని చూస్తే ఇంత కథ ఉందని ఎవరూ అనుకోరు. ఉద్యోగం చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేయడం. శబ్దం చొరబడని గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "కూత వినబడితే బటన్ నొక్కండి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు దూదిలా ఉంటుంది. రోజంతా అలా నిశ్శబ్దంలో గడిపి, సాయంత్రం ఇంటికొచ్చి మెటల్, పంక్ అనే గిటార్ల, డ్రమ్ముల గోల రికార్డులు వింటాడు. అందులోనూ పేరు మోసినవి కాదు. ఏ గోదాములోనో నలుగురు కుర్రాళ్ళు అరిచి, చేతి డబ్బుతో అచ్చేయించుకుని, అమ్ముడుపోక వదిలేసినవి. 'తుప్పు పట్టిన ఊయల', 'ముక్కు పగిలిన మేస్త్రీలు', 'అద్దె కట్టని దెయ్యాలు' లాంటి పేర్లు. చెవులు పాడవుతాయని వాటిని కూడా గుసగుసంత సన్నగా పెట్టుకుని వింటాడు. లోకంలోకల్లా పెద్ద గోలని లోకంలోకల్లా చిన్న గొంతుతో వినే మనిషి ఆయనొక్కడే. అయినా వీధివాళ్ళు గోల మావయ్య అనే పేరు పెట్టారు. ఒక పేరు పెట్టాలంటే విని తీరాలన్న నియమం ఏమీ లేదు కదా.

ఆయన్ని చూసి గర్వపడే మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్కతే ఉండేది. మేనకోడలు. అదే ఆసుపత్రిలో ముందు కౌంటరు దగ్గర కూర్చుని పేషెంట్లకి చీటీలు రాసేది, మావయ్య ఇంట్లోనే ఉండేది. చెవులు వినబడక, వినబడడం లేదని ఒప్పుకోలేక, చిరాకు పడుతూ లోపలికి వెళ్ళిన మనుషులు మావయ్య గదిలోంచి స్థిమితంగా బయటికి రావడం ఆ అమ్మాయి రోజూ చూసేది. "లోపలున్నది మా మావయ్యేనండి" అని అడగనివాళ్ళకి కూడా చెప్పేది. కాకపోతే ఈ పాటల పిచ్చి మాత్రం ఆమెకీ మింగుడు పడేది కాదు. పదిమందికీ నచ్చింది తనకి నచ్చకపోవడం కొంచెం టెక్కేమో అనిపించేది.

ఎన్ని రికార్డులు వచ్చినా, ఎన్ని పోయినా, ఒక్కటి మాత్రం ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది. పాత సామాన్ల కొట్టులో విరిగిన ఇస్త్రీపెట్టెల కింద దొరికిన చిన్న రికార్డు. తెల్లటి అట్ట మీద మూడు కాళ్ళ బల్ల బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు. పాడింది ఎవరో, ఏ ఊరో, ఎంత వేగంతో తిప్పాలో ఏదీ రాసి లేదు. రికార్డు ప్లేయరుకి రెండు వేగాలుంటాయి, నెమ్మది ఒకటి, జోరు ఒకటి. ఆ రోజుల్లో మావయ్య నత్తనడక మెటల్ మోజులో ఉన్నాడు. నెమ్మదిగా తిప్పాడు. బరువుగా, దిగులుగా, బొంగురు గొంతుతో ఎవరో పెద్దాయన పాడాడు. చివర వెక్కి వెక్కి ఏడ్చాడు. మావయ్యకి ఒళ్ళు జలదరించింది.

"ఆ గొంతు బావిలోంచి వస్తోంది అమ్మడూ" అనేవాడు మేనకోడలితో. "జీవితంలో దెబ్బ తిన్న మనిషి. ఆ బల్లకి నాలుగో కాలు ఎందుకు లేదో తెలుసా? పోయినవాళ్ళ చోటు అది."

ఆ పెద్దాయన ఏడుపుకి ఎవరి బొటనవేలూ ఆడలేదు. అందుకే రికార్డు మిగిలింది.

ఆ ఊళ్ళో రికార్డు ప్రియుల సంఘం అని ఒకటుంది. దానికి అధ్యక్షుడు బట్టల కొట్టు యజమాని. ఆయన ఖరీదైన రికార్డులు కొంటాడు కానీ వినడు, వింటే అరుగుతాయట. మావయ్య బావి పెద్దాయన గురించి చెప్పగా చెప్పగా, చివరికి ఆయనకీ కుతూహలం పుట్టింది. శనివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీద హాల్లో ఆ రికార్డు వినిపించి, నాలుగు మాటలు మాట్లాడమని మావయ్యని పిలిచాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఒకరు పిలిచి మాట్లాడమనడం అదే మొదలు. అత్తయ్య చొక్కా ఇస్త్రీ చేసింది. మేనకోడలు కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి పేషెంటుకీ చెప్పింది. పోతే పరువు, వస్తే పేరు, ఏదైనా ఆ సాయంత్రమే తేలాలి. రికార్డు ఇంట్లో పెడితే ఎక్కడ పిండి డబ్బా ఎక్కుతుందో అని మావయ్య దాన్ని ఆ శనివారం పొద్దున్నే తనతోపాటు ఆసుపత్రికి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆ పొద్దున్నే బేకరీ ఆవిడ వచ్చింది. రాలేదు, కొడుకు లాక్కొచ్చాడు. ఓవెన్ గంట వినబడక ఆవిడ వరసగా రొట్టెలు మాడ్చేస్తోందని, వీధంతా బొగ్గు తింటోందని అతని బాధ. మావయ్య పరీక్ష చేశాడు. లావు శబ్దాలన్నీ ఆవిడకి చక్కగా అందుతున్నాయి. సన్నవే అందడం లేదు.

"లారీ వెళ్తే మీకు తెలుస్తుందమ్మా. గంట కొడితే తెలీదు. పిట్ట కూత, ఆడపిల్లల నవ్వు, ఇలాంటివి అందవు. చెవిలో చిన్న మిషన్ పెట్టుకుంటే సరిపోతుంది."

"మిషన్ పెట్టుకుంటే ముసలిదైపోయిందంటారు బాబూ. ఆ మిషనేదో ఓవెన్‌కే పెట్టండి."

లేవబోతూ ఆవిడ బల్ల మీద అట్ట చూసింది. చూసి మళ్ళీ కూర్చుంది.

"ఈ బల్ల మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"ఏ బల్లమ్మా?"

"ఈ బొమ్మ నేను గీసింది. నాలుగో కాలు గీసేలోపల సిరా అయిపోయింది."

చీటీ ఇవ్వడానికి లోపలికి వచ్చిన మేనకోడలికి మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం కనిపించింది.

"మరి... పాడిన పెద్దాయన?"

"పెద్దాయనెవరు? పాడింది నేను. డ్రమ్ములు మా చెల్లి, గిటారు మా పిన్ని కూతురు. మా నాన్న బేకరీ గోదాములో పిండి బస్తాల మధ్య వాయించేవాళ్ళం. పంక్ అనేవాళ్ళం దాన్ని. ఎవరూ కొనలేదు. గోదాములోకి నీళ్ళొచ్చినప్పుడు మిగిలినవన్నీ తడిసి పోయాయి, నా దగ్గర ఒక్కటీ లేదు." ఆవిడ అట్టని చీర చెంగుతో తుడిచింది. "చివర నవ్వు ఉండాలి. పాట అవగానే మా చెల్లి నవ్వడం మొదలెట్టింది, ఆపుకోలేక ముగ్గురం పడీ పడీ నవ్వాం. అది కూడా పడిపోయింది రికార్డులో. ఆ నవ్వు ఉందా బాబూ ఇందులో?"

ఆ నవ్వుని ఏడుపు అనుకుని ఏళ్ళుగా ఒళ్ళు జలదరిస్తున్న మనిషి, "మధ్యాహ్నం మా ఇంటికి రండమ్మా" అన్నాడు.

భోజనాల వేళకి మావయ్య, మేనకోడలు, బేకరీ ఆవిడ ముగ్గురూ ఇంటికి చేరారు. మావయ్య ప్లేయరు మీట జోరు వైపుకి తిప్పి సూది పెట్టాడు. తేనెతుట్టె కదిలినట్టు గిటారు లేచింది. దాని మీద ఒక పడుచుపిల్ల గొంతు, ఎవరితోనో కుళాయి దగ్గర తగువు పెట్టుకున్నట్టు గుక్క తిప్పుకోకుండా దులిపేసింది. ఏమైందో తెలిసేలోపల పాట అయిపోయింది. చివర ముగ్గురు ఆడపిల్లలు కిలకిలా నవ్వారు. బావీ లేదు, పెద్దాయనా లేడు. మావయ్య కుర్చీలో కూలబడ్డాడు.

వంటింట్లోంచి మాత్రం పాట ఇంకా వినిపిస్తోంది. అత్తయ్య గిన్నెలు సర్దుతూ అదే పాటని అదే జోరుతో, మాట పొల్లుపోకుండా పాడేస్తోంది.

"నీకెలా వచ్చు ఇది?" అన్నాడు మావయ్య.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "మీరు ఆసుపత్రికి వెళ్ళాక రోజూ వేసుకుంటానుగా. నాకు ప్రాణం ఆ పాటంటే. చెబితే నా చేతిలో పెట్టేసి మీరు ఇంక వినరని చెప్పలేదు."

"మరి నేను తప్పు వేగంలో వింటున్నానని చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనండీ? ఆ బావిలో పెద్దాయన గురించి మీరు చెబుతుంటే ఎంత ముచ్చటగా ఉండేదని."

మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ బేకరీ ఆవిడ నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"డ్రమ్ములు వినబడ్డాయి. నేనేదీ? నేను పాడలేదా?"

తన పాటలో తన గొంతే ఆవిడకి అందలేదు. మావయ్య మీట మళ్ళీ నెమ్మది వైపుకి తిప్పి అదే పాట వేశాడు. బరువుగా, బొంగురుగా పెద్దాయన గొంతు మొదలైంది. ఆవిడ మొహం విచ్చుకుంది. "ఇదిగో, ఈ మాట నేను రాసిందే. ఇక్కడ పిన్ని కూతురు తప్పు వాయిస్తుంది, చూడండి" అంటూ వేలితో గాలిలో తాళం వేసింది. చివరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది.

"ఇదేంటి, ఏడుస్తున్నాం? మేం నవ్వాం బాబూ."

"అది నవ్వేనమ్మా. నెమ్మదిగా తిప్పితే గొంతు కిందకి దిగుతుంది, అందుకే మీ చెవికి అందింది. కానీ నవ్వు కూడా ఏడుపైపోయింది. నవ్వు నవ్వులాగే కావాలంటే జోరుగానే తిప్పాలి. అప్పుడు మీకు మిషన్ కావాలి."

ఆ నవ్విన చెల్లెలు ఇప్పుడు ఎక్కడో దూరాన ఉందని, ఫోనులో మాట్లాడితే చెల్లెలు అరవడం, తను ఊఁ కొట్టడం తప్ప ఏమీ ఉండదని చెప్పింది ఆవిడ. "సాయంత్రం మీ సభకి రానా? కానీ నలుగురిలో ఆ మిషన్ పెట్టుకుని ఎలా కూర్చోను?"

"నలుగురిలో నవ్వులపాలయ్యేది నేనమ్మా. మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు" అన్నాడు మావయ్య, ఆసుపత్రి నుంచి వెంట తెచ్చిన మిషన్ ఆవిడ చేతిలో పెడుతూ.

ఆవిడ వెళ్ళాక మేనకోడలు ఉండబట్టలేక అంది. "మావయ్యా, నెమ్మదిగానే వేసెయ్. అక్కడ ఎవరికి తెలుసు? నిజం చెబితే అధ్యక్షుడు నిన్ను బతకనివ్వడు."

"ఆవిడ ముందు వరసలో కూర్చుంటుందిరా. మళ్ళీ ఏడుపు వినిపించమంటావా?"

సాయంత్రానికి హాలు నిండింది. మావయ్య ఇస్త్రీ చొక్కాతో లేచి నిలబడ్డాడు. ఆసుపత్రిలో మాట్లాడే దూది గొంతుతోనే మొదలుపెట్టాడు. బావి గురించి, పెద్దాయన గురించి, లేని కాలు గురించి తను ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఒక్కటీ వదలకుండా మళ్ళీ చెప్పాడు. అధ్యక్షుడు తల పంకిస్తూ వింటున్నాడు. అప్పుడు అన్నాడు.

"ఇదంతా తప్పండి. నేను రికార్డుని తప్పు వేగంలో తిప్పాను. ఏళ్ళ తరబడి తిప్పాను. పాడింది పెద్దాయన కాదు, బేకరీవారి అమ్మాయి. నాలుగో కాలు సిరా అయిపోయి లేదు."

హాలు ఘొల్లుమంది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "గురువుగారూ, చెవుల డాక్టరు దగ్గర పనిచేసేది మీరేనా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. ఇంకోసారి ఘొల్లుమంది. మావయ్య చేతులు కట్టుకుని, వాళ్ళకి తనివితీరేదాకా నవ్వనిచ్చాడు. తొందరపెట్టలేదు. మేనకోడలికి ముందు ఏడుపొచ్చింది. అంతలో ముందు వరస వైపు చూసింది. ఆ నవ్వుల సందట్లో, ఎవరూ చూడకుండా, బేకరీ ఆవిడ సంచిలోంచి మిషన్ తీసి చెవిలో పెట్టుకుంటోంది. ఆవిడ సర్దుకుని చెంగు కప్పుకునేదాకా మావయ్య నోరు విప్పలేదని అప్పుడు అర్థమైంది. ఆ క్షణంలో మేనకోడలికి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. లేచి నిలబడి "ఆయన మా మావయ్య" అని అరవాలనిపించింది. పక్కనే అత్తయ్య ఉండబట్టి ఊరుకుంది.

సూది పడింది. పడుచుపిల్ల గొంతు హాలుని దులిపేసింది. ముందు పిల్లాపెద్దా అదిరిపడ్డారు, తరువాత కుర్చీల కింద చప్పుడు మొదలైంది. మావయ్య అలవాటు కొద్దీ కిందకే చూస్తున్నాడు. చెప్పులు, బూట్లు, ఏదీ ఊరుకోవడం లేదు. అధ్యక్షుడి మెరిసే బూటు కూడా ఊగుతోంది, ఆయనకే తెలియకుండా. పాట అయిపోయింది. ముగ్గురు ఆడపిల్లలు నవ్వారు.

బేకరీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంత ఘోరంగా పాడానా?" అంది పైకే. తరువాత, "అదుగో, ముందు నవ్వింది అదే. నేను చెప్పలేదూ?" అంటూ తనూ నవ్వడం మొదలుపెట్టింది. రికార్డులో నవ్వు ఆగిపోయినా ఆవిడది ఆగలేదు.

సభ అయ్యాక అధ్యక్షుడు దగ్గరికి వచ్చి, తన బీరువాలో ఏ రికార్డు కావాలన్నా ఇస్తానని, దీన్ని తనకిమ్మని బతిమాలాడు. మావయ్య అప్పటికే దాన్ని గుడ్డతో తుడిచి, అట్టలో దూర్చి, ఆవిడ చేతిలో పెట్టేశాడు. అత్తయ్య వైపు ఒకసారి సంశయంగా చూశాడు.

"ఆవిడకే ఇవ్వండి. నాకు కంఠతా వచ్చేసిందిగా" అంది అత్తయ్య.

మెట్లు దిగుతుంటే మేనకోడలు అడిగింది. "ఇన్నేళ్ళు దాచుకున్నావు. బాధగా లేదూ?"

"బాధ దేనికి అమ్మడూ? ముగ్గురు పిల్లలు పిండి బస్తాల మధ్య గొంతు చించుకుని పాడారు. ఒక్కడూ వినకపోతే ఎవరికోసం పాడినట్టు? ఎవరో ఒకడు ఉండాలి కదా అని నేనుంటాను. ఇంకొకరు దొరికితే నా కాపలా తీరిపోయింది. దిక్కులేనివి ఇంకా బోలెడున్నాయి."

టెక్కు అనుకున్నదానికి సిగ్గుపడి మేనకోడలు ఏదో అనబోయింది. మావయ్య ఆగమని సైగ చేసి చెవి రిక్కించాడు. పై మెట్టు మీద, లైబ్రరీ దీపం కింద, బేకరీ ఆవిడ రికార్డుని చంకలో పెట్టుకుని దూరాన ఉన్న చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. అటునుంచి చెల్లెలు అరవడం మెట్ల కిందకి కూడా వినబడుతోంది.

"ఎందుకే అంత అరుస్తావు?" అంటోంది ఆవిడ. "మెల్లిగా చెప్పు, నాకు వినబడుతోంది."